ఏమీ తోచని సాయంత్రం

మానేసి ఇంటికొచ్చిన ఇరవై మూడో రోజు. సాయంత్రం ఆరూ ఇరవై. వసారాలో నవారు మంచం మీద కూర్చున్నాను. మా ఆవిడ చాటలో గోరుచిక్కుళ్ళు పోసుకుని ఈనెలు తీస్తోంది. గోడ గడియారం చూశాను. కాసేపు ఫ్యాను చూశాను. వీధిలో పోయే ఆటోలు చూశాను. పక్కింటి వాళ్ళ పిల్లి ప్రహరీ మీద నడుచుకుంటూ వచ్చి అవతలికి దూకడం చూశాను. చాలాసేపైందనిపించి మళ్ళీ గడియారం చూస్తే ఆరూ ఇరవై నాలుగు.

లేచి చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికండీ?"

"ఊరికే, సెంటరు దాకా."

నిజంగా ఊరికే అనుకునే బయల్దేరాను. కాలవ వంతెన దాటాను, సైకిలు షాపు దగ్గర ఎడమకి తిరిగాను, తల ఎత్తేసరికి వైన్ షాపు ఇనుప జాలీ ముందు నిలబడి ఉన్నాను. కాళ్ళకి దారి తెలుసు మరి. కౌంటర్లో కుర్రాడు "ఏం మాస్టారూ, ఈమధ్య కనపడటం లేదు" అంటూ, నేనేమీ అడక్కుండానే వెనక అరలోంచి నా బ్రాండు క్వార్టరు తీసి ముందు పెట్టాడు. గొంతు ఆరిపోయింది. ఏం చెప్పాలో తెలియక "చిల్లరుందేమోనని వచ్చాను" అంటూ ఐదొందల కాగితం చూపించాను. పాపం, నిజంగానే లెక్కపెట్టి ఐదు వందలు ఇచ్చాడు. జేబునిండా చిల్లరతో ఇంటికొచ్చాను.

ఆ రోజు నాకు బాధేమీ లేదు. కోపం లేదు. ఎవరితోనూ గొడవ పడలేదు. జీతం కూడా వేళకే పడింది. తాగడానికి మనం చెప్పుకునే కారణాల్లో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఏమీ తోచలేదు, అంతే.

మందు మానడం గురించిన పుస్తకాల్లో లివరు గురించి ఉంటుంది, అప్పుల గురించి ఉంటుంది, పిల్లల కన్నీళ్ళ గురించి ఉంటుంది. సాయంత్రం ఆరున్నర గురించి పెద్దగా ఉండదు. అందుకే దానికి ఒక అధ్యాయం కేటాయించాను.

ముందే ఒక మాట. ఇది మొదటి వారం దాటినవాళ్ళకి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, రెండో మూడో రోజుకి మతి తప్పి లేనివి కనపడొచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ఆ రోజులు డాక్టరు చేతుల మీదుగా గడవాల్సిందే. ఎవర్ని అడగాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. మత్తు అలవాట్ల నుంచి బయటపడాలనుకునే వాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.

ఇక తోచకపోవడం దగ్గరికి వద్దాం. 'బోర్ కొడుతోంది' అంటాం, 'పొద్దు పోవట్లేదు' అంటాం. వాటికన్నా 'ఏమీ తోచట్లేదు' అన్న మాటే అసలు సంగతికి దగ్గరగా ఉందనిపిస్తుంది నాకు. బోరు ఎక్కడో బయటినుంచి వచ్చి కొట్టినట్టుంటుంది. పొద్దు పోకపోతే తప్పు పొద్దుది. తోచకపోవడం మాత్రం లోపలి వ్యవహారం. తోచడమంటే మనసుకి తట్టడం. చేయడానికి వంద పనులుంటాయి, ఒక్కటీ తట్టదు. తాగుడు మానినవాడికి ఇంకో చిక్కు కూడా ఉంది. పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో ఆ వేళకి ఒకే ఒక్కటి తోచడం అలవాటైపోయి ఉంటుంది. దాన్ని పీకేస్తే ఆ చోట మర్నాటికల్లా ఇంకోటి మొలవదు. తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందని సామెత. మనం వైన్ షాపుకి వెళ్తాం.

తాగుడంటే ఖాళీగా ఉన్నవాళ్ళ పని అనుకుంటారు జనం. నేను లెక్కల మాస్టారిని, ఒకరోజు కాగితం తీసి నా పాత రోజుని లెక్క వేశాను. పొద్దున తలనొప్పితో, అబద్ధాలు కూడదీసుకోవడంతో ఒక గంట. మధ్యాహ్నం మూడున్నరకి ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ చెబుతూనే, సాయంత్రం ఎవరు వస్తారు, డబ్బులెవరు పెడతారు, ఇంట్లో ఏ మీటింగని చెప్పాలి అన్న ఆలోచనతో ఇంకో గంట. ఆరున్నర నుంచి పది దాకా సిట్టింగ్. ఆ తరవాత సందు చివర తమలపాకో సోంపో నమిలి, నిటారుగా నడుస్తున్నట్టు నటిస్తూ ఇంటికి చేరడం ఒక అరగంట. మొత్తం ఆరు గంటలు. వారానికి నలభై రెండు. బళ్ళో నేను పాఠం చెప్పింది కూడా అంతసేపు లేదు! అంటే అది ఉద్యోగం. అందులో పథకాలున్నాయి, సహోద్యోగులున్నారు, గండాలు గట్టెక్కిన ఆనందాలున్నాయి. మానేసిన రోజు ఆ ఉద్యోగం పోయింది. శాలువా కప్పేవాళ్ళు లేని రిటైర్మెంటు. రిటైరైనవాళ్ళు మొదటి ఆరు నెలలు ఇంట్లో ఎలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతారో మీకు తెలుసు. మనమూ అంతే, కాకపోతే మన మీద జాలిపడేవాళ్ళుండరు.

దీనికి తోడు నోరు చప్పబడటం. లడ్డూ తిన్న నోటితో టీ తాగి చూడండి, ఎంత చక్కెర వేసినా చప్పగానే ఉంటుంది. తప్పు టీది కాదు. మెదడులో జరిగేదీ దాదాపు ఇదే. మంచి భోజనం, మనవరాలి నవ్వు, గెలిచిన క్రికెట్ మ్యాచ్ ఇచ్చే సంతోషాల్లో డోపమైన్ అనే రసాయనానికి పాత్ర ఉంది. మందూ, ఇతర మత్తులూ దాన్ని ఈ చిన్న చిన్న ఆనందాలకి అందనంత ఎత్తుకి లేపుతాయి. రోజూ అలా లేపుతూ పోతే మెదడు తనని తాను కాపాడుకోవడానికి, ఆ రసాయనాన్ని అందుకునే చోట్లని తగ్గించేసుకుంటుంది. నోరా వోల్కో అనే అమెరికా శాస్త్రవేత్త, మత్తుకి అలవాటుపడ్డవాళ్ళ మెదడు స్కానుల్లో ఈ తగ్గుదలని చూపించింది. మానేసిన మర్నాడు అవి తిరిగి రావు. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైన. ఈలోగా బిర్యానీ చప్పగా ఉంటుంది, సినిమా చప్పగా ఉంటుంది, పెళ్ళాం పిల్లలు కూడా, బయటికి చెప్పుకోలేం గానీ, చప్పగానే ఉంటారు. నాలుగో నెలలో మీరు చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, 'మందు లేని బతుకంటే ఇంతేనన్నమాట' అని తీర్పు ఇచ్చేయడం. లడ్డూ తిన్న నోటితో టీ గురించి తీర్పులివ్వకండి.

ఏమీ తోచకుండా కూర్చోవడం మామూలు మనిషికే కష్టం. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ అనే మనస్తత్వవేత్త బృందం ఒక తమాషా పరీక్ష పెట్టింది. మనుషుల్ని పదిహేను నిమిషాలు ఒంటరిగా గదిలో కూర్చోబెట్టారు. ఫోను లేదు, పుస్తకం లేదు. ఒక మీట మాత్రం ఉంది. నొక్కితే కరెంటు షాకు కొడుతుంది. ఆ షాకు అంతకుముందే రుచి చూసి, మళ్ళీ వద్దు, కావాలంటే డబ్బులిచ్చుకుంటాం అన్నవాళ్ళే వాళ్ళంతా. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు, ఉబుసుపోక మీట నొక్కుకున్నారు! ఏ అలవాటూ లేనివాళ్ళ సంగతే ఇది. మన మీట వీధి చివర ఉంది, రాత్రిదాకా తెరిచే ఉంటుంది.

మందు మానేసినవాళ్ళం కలుసుకునే మా బృందంలో ఒక గుమాస్తా ఉన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ ఏజెంటు దగ్గర పద్దులు రాస్తాడు. రోజుకి లక్ష బస్తాలు దిగే సీజన్లో, ఘాటుకి తుమ్ముతూ, కాటాల దగ్గర రైతులతో అరుస్తూ, అర్ధరాత్రి దాకా పనిచేసినా చుక్క ముట్టలేదు. మే నెలలో యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చారు. నాలుగో రోజుకి తాగేశాడు. "ఏం జరిగింది?" అంటే "ఏం లేదు మాస్టారూ, బోర్ కొట్టింది" అన్నాడు.

నమ్మాను గానీ పూర్తిగా నమ్మలేదు. బోరు చాలా మంచి ముసుగు, దాని వెనక ఎవరైనా దాక్కోవచ్చు. ఆ రోజు పొద్దుటినుంచీ ఏం జరిగిందో గంటగంటకీ చెప్పించాను. మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు. మూడింటికి వాళ్ళన్నయ్య ఫోన్ చేశాడు, ఊళ్ళో ఎకరం పొలం పంపకం గురించి. మాటా మాటా అనుకోలేదు. "సరే అన్నయ్యా, నీ ఇష్టం" అని పెట్టేశాడు. ఆ పెట్టేసిన ఫోనే ఆరింటికి బోరై కూర్చుంది. మత్తు మానేవాళ్ళ బృందాలు చాలావాటిలో నాలుగు ప్రశ్నలు వాడుకలో ఉన్నాయి: ఆకలేస్తోందా, కోపమొచ్చిందా, ఒంటరిగా ఉందా, అలసిపోయావా? నేను వాటిని ఇదే వరసలో అడగమంటాను, ఎందుకంటే మొదటిదానికి మందు వంటింట్లోనే ఉంది. సాయంత్రం ఐదున్నరకి నాలుగు ఇడ్లీలో, గుప్పెడు వేరుశనగపప్పూ బెల్లంముక్కో తినేసినవాడికి ఆరున్నర సగం తగ్గిపోతుంది. ఇంత చిన్న చిట్కానా అని నవ్వకండి. నేనూ నవ్వినవాణ్ణే.

నా ప్రతాపం కూడా చెప్పాలి. ఐదొందలకి చిల్లర తెచ్చుకున్న మర్నాడే, పొద్దుపోయే మార్గం కావాలని పట్టుబట్టి క్యారమ్ బోర్డు కొన్నాను. మంచి బోర్డు, నున్నగా పౌడరు చల్లి, స్టాండు కూడా చేయించాను. ఆడదామని చూస్తే తోడు కావాలి. నాకు తెలిసి సాయంత్రం పూట ఖాళీగా ఉండే ముగ్గురూ నా పాత బ్యాచే. వాళ్ళని పిలిస్తే బోర్డు కింద సీసా ఉంటుంది. ఆ ఎండాకాలం మా ఆవిడ దాని మీద గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెట్టుకుంది. చదరంగా, గట్టిగా, డాబా మీదికి ఎత్తుకెళ్ళడానికి వీలుగా, వడియాలకి అంతకన్నా మంచి పీట లేదంటుంది ఇప్పటికీ.

నా పొరపాటు క్యారమ్స్‌ని ఎంచుకోవడంలో లేదు. పొద్దు 'గడపడానికి' ఏదో ఒకటి ఉంటే చాలనుకోవడంలో ఉంది. ఫోను సంగతి కూడా ఇంతే. మందు మాని రీల్సు పట్టుకున్నవాళ్ళు మా బృందంలో సగంమంది. రాత్రి రెండింటిదాకా బొటనవేలు పైకీ కిందికీ. నిద్ర చెడుతుంది, మర్నాడు చిరాకు, సాయంత్రానికి మళ్ళీ నోరు చప్పన. ఇంకొందరు రమ్మీ పట్టుకున్నారు. డబ్బులు పెట్టి ఆన్‌లైన్లో ఆడే రమ్మీకి తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధం వచ్చింది, అయినా దారులు వెతుక్కున్నారు. ఒకాయన ఆరు నెలలు చుక్క తాగకుండా నాలుగు లక్షలు పోగొట్టాడు. మీట మారింది, నొక్కుడు మారలేదు.

మూడో రోజు

మరి ఏం చేయాలి? ఒకటి మాత్రం ఖాయంగా చెబుతాను. ఆరున్నరకి ఏం చేయాలో ఆరున్నరకి ఆలోచించకండి. ఆ వేళకి ఏమీ తోచదు, అదే కదా జబ్బు. తోచే వేళలో ఆలోచించి పెట్టుకోవాలి. నేను పొద్దున కాఫీ తాగుతూ చీటీ రాసుకునేవాణ్ణి. 'సా. 6: ట్యాంకు కడగాలి. 7: మీటింగు. 8: పాపకి భిన్నాలు.' చొక్కా జేబులో పెట్టుకుంటే, సాయంత్రం నా బుర్ర పనిచేయకపోయినా జేబు పనిచేసేది. చీటీలో 'ఏదైనా పుస్తకం చదవాలి' అని రాసిన రోజు ఏదీ జరగలేదు. 'ట్యాంకు' అని రాసిన రోజు ట్యాంకు శుభ్రపడింది.

వీలైతే చేతులు తడిసే పని, మట్టయ్యే పని, నూనె అంటుకునే పని పెట్టుకోండి. చేతులు ఖాళీగా ఉంటే ఫోను తీస్తాయి, చెప్పులు తొడుగుతాయి. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఎందుకిలా అన్నదానికి నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు.

అంతకన్నా ముఖ్యమైనది నాకు ఆ గుమాస్తా వల్లే తెలిసింది. మరుసటి ఏడు మే నెల వచ్చేసరికి ఇద్దరం ముందే కూర్చున్నాం. "సెలవులు నెలరోజులు. ఏం చేద్దాం?" అన్నాను. అతనికీ ఏమీ తోచలేదు, నాకూ తోచలేదు. టీ ఇస్తూ వాళ్ళావిడ అంది: "ఏడాది పొడుగునా ఊరందరి కారం లెక్క రాస్తారు కదండీ, మన ఇంట్లో ఆవకాయ ఎవరు పెడుతున్నారో ఎప్పుడైనా చూశారా?"

అలా మొదలైంది. మామిడికాయలు కొట్టే పెద్ద కత్తిపీట కొన్నాడు. మొదట పాతిక కాయలు, సొంత ఇంటికి. చూస్తూ కూర్చున్నాను నేను. పుల్లటి కాయ, కండ గట్టిగా ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. నీళ్ళలో నానేసి, కడిగి, తడి లేకుండా తుడిచి, కత్తిపీట కింద పెట్టి ఒక్క దెబ్బ. దెబ్బ సరిగ్గా పడకపోతే టెంక ఊడిపోతుంది, ఊడిన ముక్క త్వరగా మెత్తబడుతుంది. ఒక్కో ముక్కలోంచీ జీడి తీసేయాలి, లోపలి పల్చటి పొర గీకేయాలి, మళ్ళీ పొడిగుడ్డతో తుడవాలి. తొందరపడటానికి వీల్లేని పని. తొందరపడి ఒక్క తడిముక్క వేస్తే జాడీ మొత్తం బూజు పడుతుంది. ఐదున్నరకి మొదలుపెట్టినవాడు తల ఎత్తేసరికి ఎనిమిదిన్నర. చొక్కా నిండా జీడి మరకలు. కారం కలిపేటప్పుడు యార్డు మనిషి బుద్ధి బయటపడింది: రంగుకి ఒక రకం, ఘాటుకి ఇంకో రకం అని రెండు మిరపకాయలు పాళ్ళు చూసి మరీ కొట్టించాడు.

ఆవకాయ కలిపిన రోజుతో అయిపోదు. జాడీకి గుడ్డ కట్టి వదిలేసి, మూడో రోజు తిరగకలపాలి. అప్పుడు చూసి, ఉప్పు సరిపోయిందా, నూనె తేలిందా, ఇంకా పొయ్యాలా అని తేల్చుకోవాలి. నాకు అక్కడ తట్టింది. మందుకి మూడో రోజు లేదు. దానికి ఈ రాత్రే ఉంది, మహా అయితే రేపటి తలనొప్పి ఉంది. రీల్సుకీ లేదు, రమ్మీకీ లేదు. నా క్యారమ్ బోర్డుకీ లేదు. ఆవకాయకి మూడో రోజు ఉంది, ఆ రోజు మీరు ఇంట్లో ఉండి తీరాలి. పాలు తోడు పెడితే తెల్లారి చూడాలి. నారు పోస్తే వారానికి చూడాలి. పక్కింటి పిల్లాడికి ఎక్కాలు మొదలుపెడితే రేపు వాడు పలక పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఇలా మిమ్మల్ని మళ్ళీ పిలిచే పని పెట్టుకోండి. పొద్దున చీటీ మీద రెండు పనులు రాస్తే, అందులో ఒకటి ఇలాంటిది ఉండేలా చూసుకోండి.

ఆవకాయే పెట్టమని కాదు. మా బృందంలో లారీ డ్రైవరొకాయన పాత మిక్సీలు విప్పి బాగుచేస్తాడు, ఏదీ ఒక్క రోజులో పూర్తి చేయడు, కావాలనే స్క్రూలు విప్పి పళ్ళెంలో పెట్టి వదిలేస్తాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి, ఆమెది వైన్ అలవాటు, ఫ్లాటులో ఒక్కత్తే ఉండేది, అపార్ట్‌మెంటు కుక్కలకి సాయంత్రం అన్నం పెట్టే బాధ్యత తీసుకుంది. "ఆరున్నరకి తొమ్మిది కుక్కలు లిఫ్టు దగ్గర నా కోసం నిలబడతాయి సార్, ఎలా ఎగ్గొడతాను?" అంది.

సీసా పోయి సాయంత్రం మిగిలితే

మా నాన్న కూడా తాగేవాడు. 1995 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు నేను కుర్రాణ్ణి. మూతపడ్డ షాపు దాకా రోజూ సాయంత్రం నడిచి వెళ్ళి, తాళం చూసి వచ్చేవాడు. మొదట్లో దొంగసరుకు కోసమేమో అనుకున్నాం. కాదు, ఉత్తినే వెళ్ళి చూసి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకునేవాడు. ప్రభుత్వం సీసాని తీసేసింది, సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో మా నాన్నకి ఎవరూ చెప్పలేదు. 1997లో నిషేధం ఎత్తేశాక ఆయనకి పొద్దు మళ్ళీ పోవడం మొదలైంది.

ఆ నిషేధానికి దారి వేసిన సారా వ్యతిరేక ఉద్యమం ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో, సాయంత్రం అక్షరాస్యత తరగతుల్లో. మగవాళ్ళు సారాకొట్టు దగ్గర కూర్చునే వేళకే ఆడవాళ్ళు లాంతరు ముందు పలకలతో కూర్చున్నారు. ఆడవాళ్ళకి అంతకుముందు ఆ వేళ ఖాళీగా ఉండేదని కాదు, చాకిరీతో నిండి ఉండేది. అందులోంచి ఒక గంట లాక్కుని, పదిమందితో కలిసి కూర్చున్నారు. ఆ 'పదిమందితో' అన్నదే మా నాన్న అరుగు మీద లేనిది.

1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో, మందుతో చితికిపోయిన ఒక షేర్ల వ్యాపారీ, ఒక డాక్టరూ మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇప్పుడు మన పట్టణాల్లోనూ ఉంది. ఆ సమావేశాలు చాలావరకు సాయంత్రాలే పెడతారు. అక్కడ జరిగేదంతా అందరికీ నచ్చుతుందని చెప్పను. మొదటి నెల నాకు చెప్పినవాళ్ళే చెబుతున్నట్టు, చచ్చేంత విసుగ్గా ఉండేది. ఒకరోజు పెద్దాయనొకరు "మాస్టారూ, రేపటినుంచి కుర్చీలు వేయడం మీ పని, తాళంచెవి మీ దగ్గరుంచుకోండి" అన్నారు. ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు. అందులో రెండిటికి కాళ్ళు వంకర. ఆరుంపావుకి నేను వెళ్ళకపోతే ముప్పైమంది వీధిలో నిలబడాలి. మాటలు వినడానికి వెళ్ళనివాణ్ణి, కుర్చీలు వేయడానికి వెళ్ళాను. తాళంచెవి రెండేళ్ళు నా దగ్గరే ఉంది.

ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పేది ఇదే. మానేసి వచ్చిన మనిషిని మీరు అతిథిలానో, పెరోలు మీద వచ్చినవాడిలానో చూస్తారు. "మీరు రెస్టు తీసుకోండి" అంటారు, లేదా మంచం మీంచి లేస్తే చాలు "ఎక్కడికి?" అంటారు. రెండూ అతన్ని మంచానికే కట్టేస్తాయి. అతను చేయకపోతే ఆగిపోయే పని ఒకటి అతని చేతిలో పెట్టండి. ట్యూషన్ నుంచి పిల్లాణ్ణి తీసుకురావడమే కావచ్చు. మొదట్లో ఆలస్యంగా వెళ్తాడు, పిల్లాడు గేటు దగ్గర నిలబడి ఏడుస్తాడు. అయినా ఆ పని వెనక్కి తీసుకోకండి.

ఆదివారం సంగతి వేరు. పని ఉండదు, ఇంట్లో కోడికూర వాసన, టీవీలో మ్యాచు. చాలామందికి ఆ వాసనే సీసా మూత తీసిన చప్పుడులా వినిపిస్తుంది. నేను ఆదివారాల్ని తిరగేశాను: ఆరింటికల్లా లేచి మాంసం నేనే తెచ్చి, పదకొండున్నరకల్లా అందరం తినేసేలా చూసేవాణ్ణి. కడుపు నిండినవాడికి సిట్టింగ్ మీద ధ్యాస తక్కువ. పెళ్ళిళ్ళు, చావులు, దసరా గురించి వచ్చే అధ్యాయంలో.

ఇన్ని చేసినా కొన్ని సాయంత్రాలు కోరిక లేస్తుంది. వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వవేత్త, కోరికని అలలా చూడమనేవాడు. దానితో కుస్తీ పట్టకు, లేచేదాకా లేవనీ, విరిగేదాకా చూస్తూ ఉండు అని. సూర్యలంక బీచిలో నిలబడినవాళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. అలకి ఎదురెళ్ళినవాణ్ణి పడేస్తుంది, కాలు నిలదొక్కుకుని ఒళ్ళు వదిలేసినవాణ్ణి ఎత్తి దించుతుంది. మామూలుగా అరగంటలోపే తగ్గుతుంది. గడియారం పెట్టుకుని, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి. నాకైతే దవడ కింద, నాలుక వెనక. ఎన్ని గంటలకి లేచింది, ఎప్పుడు దిగింది రాసి పెట్టుకోండి. నా పాత డైరీలో ఒక పేజీ ఇలా ఉంది: '7.05 లేచింది. 7.19 కరెంటు పోయింది. 7.31 మర్చిపోయాను.'

ఒకటి మాత్రం వేరుగా గుర్తుపట్టాలి. సాయంత్రాలే కాదు, పొద్దునా మధ్యాహ్నమూ కూడా, రెండు వారాలు దాటినా ఏదీ వద్దనిపిస్తుంటే, నిద్రా తిండీ తప్పిపోతే, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, అది తోచకపోవడం కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. దానికి చీటీలూ ఆవకాయలూ చాలవు. డాక్టరుకి చూపించుకోండి, లేదా ఏ వేళైనా 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు దాన్ని, తెలుగులో మాట్లాడతారు.

అవేవీ లేకుండా ఉత్త చప్పటి సాయంత్రాలు కూడా వస్తాయి. మూడేళ్ళ కిందట అలాంటి రోజున మా ఆవిణ్ణి అడిగాను, "నీకెప్పుడూ బోర్ కొట్టదా?" అని. పెళ్ళై ఇరవై ఆరేళ్ళైంది, ఎప్పుడూ అడగలేదు. "ఎందుక్కొట్టదండీ, రోజూ కొడుతుంది," అంది. "పొయ్యి మీద పప్పుంటుంది కదా." తాగనివాళ్ళ సాయంత్రాలన్నీ ఏవో పండగల్లా ఉంటాయని, నేనొక్కణ్ణే చప్పటి బతుకు బతుకుతున్నానని లోపల్లోపల అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. పక్కన కూర్చుని ఈనెలు తీసేదాన్ని చూస్తూ కూడా.

గుమాస్తా ఆవకాయ మొదలుపెట్టిన ఏడు, ఆ సెలవుల్లోనే వీధి మొత్తానికి కాయలు కొట్టాడు. బస్తాల్లో మోసుకొచ్చి అరుగు ముందు పెట్టేసేవారు. "అన్నయ్యా, మావి వంద కాయలు, రేపటికవుతాయా?" అని ఆడవాళ్ళు, "బాబాయ్, నేను కొడతా ఒక్కటి" అని పిల్లలు. కాయకి రూపాయి తీసుకోమంటే మొహమాటపడ్డాడు గానీ, రెండో వారానికి తీసుకోవడం మొదలుపెట్టాడు. జూన్లో యార్డు తెరిచేదాకా ఒక్కసారి నాకు ఫోన్ చేశాడు, సాయంత్రం ఏడింటికి. ఆ వేళకి అతని పేరు తెరమీద కనపడితే నా గుండె జారింది.

"ఏం లేదు మాస్టారూ," అన్నాడు. "మూడో రోజు కదా, మీ జాడీ తిరగకలిపాను. ఉప్పు చాల్లేదంటోంది మా ఆవిడ. మీరు ఉప్పు ఏమన్నా తగ్గించి తింటారా, వేసేయమంటారా?"